ఐస్ హాకీలో 136 మిలియన్ల ఆటగాడు ఖరీదైనవాడేనా? జీతాల పరిమితి వెనుక లెక్క

2025 సెప్టెంబర్ 30న అమెరికాలోని మిన్నెసోటా వైల్డ్ జట్టు తన ఫార్వర్డ్ కిరిల్ కాప్రిజోవ్‌తో ఎనిమిదేళ్ల కాంట్రాక్టు కుదుర్చుకుంది. మొత్తం 136 మిలియన్ డాలర్లు. ఏడాదికి 17 మిలియన్లు, అంటే అప్పటి మారకం రేటులో దాదాపు 150 కోట్ల రూపాయలు. నేషనల్ హాకీ లీగ్, అదే ఎన్‌హెచ్‌ఎల్, చరిత్రలో అంతకుముందు ఎవరికీ అంత మొత్తం దక్కలేదు. అంతకు కొద్ది వారాల ముందు 128 మిలియన్ల ఆఫర్ వస్తే అతను ఒప్పుకోలేదని కూడా వార్తలొచ్చాయి.

వారం తిరక్కుండానే, అక్టోబర్ 6న, మరో సంతకం జరిగింది. ఈ తరంలో అందరికంటే గొప్ప ఆటగాడని దాదాపు అందరూ ఒప్పుకునే కానర్ మెక్‌డేవిడ్ ఎడ్మంటన్ ఆయిలర్స్‌లోనే ఇంకో రెండేళ్లు ఉండటానికి ఒప్పుకున్నాడు. ఏడాదికి 12.5 మిలియన్లు. 2018 నుంచి తీసుకుంటున్నదే, ఒక్క డాలర్ పెరగలేదు.

మొదటి వార్తకు "ఇంతా?" అన్నవాళ్లే రెండోదానికి "ఇంతేనా?" అన్నారు. ఈ రెండు అంకెలూ ఒకే లీగ్‌లో, ఒకే వారంలో ఎలా పుట్టాయో అర్థం కావాలంటే ముందు ఈ లీగ్ డబ్బును ఎలా పంచుకుంటుందో చూడాలి.

ఎంత సంపన్న జట్టయినా దాటలేని గీత

ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 జట్లున్నాయి. ప్రతి జట్టూ ఆటగాళ్ల జీతాల మీద ఒక సీజన్‌లో ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదని ఒక పరిమితి ఉంటుంది. దాన్నే క్యాప్ అంటారు. 2025-26 సీజన్‌కు అది 95.5 మిలియన్ డాలర్లు. కింద కూడా ఒక గీత ఉంది: 70.6 మిలియన్లకు తగ్గకూడదు. ఏ ఒక్క ఆటగాడికీ క్యాప్‌లో 20 శాతానికి మించి ఇవ్వకూడదు. ఆ సీజన్‌లో అందరికంటే తక్కువ జీతం ఏడాదికి 7,75,000 డాలర్లు.

ఐపీఎల్ వేలం చూసేవాళ్లకు పర్సు అంటే తెలుసు కాబట్టి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. 2025 వేలంలో ఒక్కో ఫ్రాంచైజీ పర్సు 120 కోట్లు, అందులో 27 కోట్లు రిషభ్ పంత్ ఒక్కడికే పోయాయి. కానీ తేడా కూడా పెద్దదే. హాకీలో వేలం లేదు. ఆటగాడు, అతని ఏజెంట్, జట్టు మేనేజర్ కూర్చుని బేరమాడుకుంటారు, కాప్రిజోవ్ సంతకం చేసిన నాటి నిబంధనల్లో కాంట్రాక్టు ఎనిమిదేళ్ల దాకా సాగొచ్చు. అంటే ఈ ఏడాది చేసిన పొరపాటు ఎనిమిదో ఏడాది పర్సును కూడా తింటుంది.

ఈ గీత మొదటి నుంచీ ఉన్నది కాదు, గొడవపడి తెచ్చుకున్నది. 2004కు ముందు ఎవరికి చేతనైనంత వాళ్లు ఖర్చు పెట్టేవారు. లీగ్ పిలిపించిన ఆర్థర్ లెవిట్, అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ మాజీ ఛైర్మన్, ఆదాయంలో 75 శాతం ఆటగాళ్ల జీతాలకే పోతోందని 2004 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చాడు. ఆ లెక్కను ఆటగాళ్ల సంఘం ఒప్పుకోలేదు. ఆ సెప్టెంబర్‌లో యజమానులు గేట్లు మూసేశారు. 2004-05 సీజన్ మొత్తం రద్దయింది. తర్వాత కుదిరిన ఒప్పందంలో 39 మిలియన్ల క్యాప్ వచ్చింది, అప్పటికే ఉన్న కాంట్రాక్టుల్లో 24 శాతం కోత పడింది.

డబ్బు కుమ్మరిస్తే కప్పు వస్తుందా అన్నదానికి ఆ పాత రోజుల్లోనే ఒక జవాబుంది. లీగ్‌లో ఎక్కువ ఖర్చు పెట్టే జట్లలో ఒకటైన న్యూయార్క్ రేంజర్స్ 1998 నుంచి 2004 వరకు వరసగా ఏడు సీజన్లు ప్లేఆఫ్స్ గడప కూడా తొక్కలేదు.

క్యాప్ అంకె ఎక్కడి నుంచి వస్తుంది

టికెట్లు, టీవీ హక్కులు, స్పాన్సర్లు వంటి హాకీ ఆదాయంలో సగం ఆటగాళ్లది, సగం యజమానులది. 2013 నుంచి ఇదే వాటా. ఆదాయం ఎంత వస్తుందో అంచనా వేసి దాన్నిబట్టి క్యాప్ పెడతారు. అంచనా తప్పి ఆటగాళ్లకు సగం కంటే ఎక్కువ ముట్టకుండా, వాళ్ల జీతంలో కొంత ముందే ఆపి ఉంచుతారు. దాని పేరు ఎస్క్రో. 5 మిలియన్ల జీతగాడికి ఎస్క్రో 6 శాతమైతే 3 లక్షల డాలర్లు పక్కకు పోతాయి. చివర్లో లెక్క తేలాక తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు. ఆటగాళ్లకు ఈ కోత మీద ఉన్నంత కోపం ఇంకో నిబంధన మీద లేదు.

కోవిడ్ కాలంలో స్టేడియాలు ఖాళీగా ఉన్నా జీతాలు నడిచాయి. దాంతో ఆటగాళ్లు యజమానులకు 100 కోట్ల డాలర్లకు పైగా బాకీ పడ్డారు. అది తీరేదాకా క్యాప్ కదల్లేదు: 2019-20లో 81.5 మిలియన్లు, మరో రెండు సీజన్లు అంతే, ఆ తర్వాత ఏడాదికి ఒక్కో మిలియన్ చొప్పున పెరిగింది. బాకీ తీరగానే 88కి, అక్కణ్నుంచి 95.5కి ఎగిరింది. 2026-27కు 104, 2027-28కి 113.5 అని లీగ్, సంఘం కలిసి ముందే చెప్పేశాయి.

ఈ మధ్యలో నలిగిపోయింది టొరంటో మేపుల్ లీఫ్స్. క్యాప్ ఏటా పెరుగుతుందన్న నమ్మకంతో మాథ్యూస్, టావరెస్, మార్నర్, నైలాండర్ అనే నలుగురికే దాదాపు 40 మిలియన్లు రాసిచ్చింది. 81.5లో అది సగం. పెరగాల్సిన క్యాప్ పెరగలేదు. మిగతా పంతొమ్మిది మందిని మిగిలిన సగంలో సర్దాల్సొచ్చింది. ఆ కాంట్రాక్టులు పిచ్చివని అప్పట్లో తిట్టినవాళ్లలో మహమ్మారిని ముందే ఊహించినవాళ్లు ఎవరూ లేరు, అది కూడా గుర్తుంచుకోవాలి.

చేతికొచ్చే డబ్బు వేరు, క్యాప్‌లో రాసే అంకె వేరు

ఇక్కడే చాలామంది తికమకపడతారు. ఆటగాడికి ఏ సంవత్సరం ఎంత ఇచ్చినా, క్యాప్ లెక్కలో మాత్రం మొత్తం కాంట్రాక్టును ఏళ్లతో భాగిస్తే వచ్చే సగటునే వేస్తారు. దాన్ని క్యాప్ హిట్ అంటారు. మొదటి ఏడాది 10, రెండో ఏడాది 8, మూడో ఏడాది 6 మిలియన్లు ఇస్తే మూడేళ్లూ క్యాప్ హిట్ 8 మిలియన్లే.

సగటు అన్నాక దాన్ని సాగదీసే తెలివి ఎవరికో ఒకరికి వస్తుంది. 2010లో న్యూజెర్సీ డెవిల్స్ ఇల్యా కొవల్‌చుక్‌కు 17 ఏళ్లకు 102 మిలియన్ల కాంట్రాక్టు రాసింది. అందులో 95 మిలియన్లు మొదటి పదేళ్లలోనే. చివరి ఐదేళ్లు ఏడాదికి 5,50,000 చొప్పున. అప్పటికి అతని వయసు 44కు చేరుతుంది. ఆ వయసు దాకా ఆడతాడని ఎవరూ అనుకోలేదు, ఆ చివరి ఏళ్లు ఉన్నది సగటును 6 మిలియన్లకు దించడానికే. లీగ్ ఈ కాంట్రాక్టును తిరస్కరించింది, మధ్యవర్తి కూడా లీగ్‌నే సమర్థించాడు. చివరికి 15 ఏళ్లు, 100 మిలియన్లకు తగ్గించి రాసుకున్నారు. మూడు సీజన్లు తిరిగేసరికి కొవల్‌చుక్ ఎన్‌హెచ్‌ఎల్‌కు దండం పెట్టి రష్యా వెళ్లిపోయాడు.

లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య 2013లో కుదిరిన ఒప్పందం కాంట్రాక్టు గడువును సొంత ఆటగాడికైతే ఎనిమిదేళ్లకు, బయటివాడికైతే ఏడేళ్లకు కుదించింది. పాత పొడవాటి కాంట్రాక్టుల ఆటగాళ్లు ముందే రిటైరైతే, జట్టు క్యాప్‌లో అప్పటిదాకా మిగుల్చుకున్నది వెనక్కి వసూలు చేస్తామని కూడా చెప్పింది. రొబెర్టో లువాంగో 2019లో రిటైరైతే, ఐదేళ్ల కిందటే అతన్ని వదులుకున్న వాంకూవర్ కనక్స్ క్యాప్‌లో మూడేళ్ల పాటు ఏటా 3 మిలియన్లు అలా కోసేశారు. కాంట్రాక్టు రాసినప్పుడు లేని నిబంధనకు తర్వాత శిక్ష వేశారని వాంకూవర్ అభిమానులు ఇప్పటికీ గొణుగుతారు. వాళ్ల గొణుగుడులో న్యాయం ఉందనే నాకనిపిస్తుంది.

శాతంలోకి మారిస్తే అంకెలు మాట్లాడతాయి

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. కాప్రిజోవ్ 17 మిలియన్లు మొదలయ్యేది 2026-27లో. అప్పటి క్యాప్ 104. అంటే జట్టు పర్సులో 16.3 శాతం.

మెక్‌డేవిడ్ 12.5 మిలియన్లు 2018-19లో మొదలైనప్పుడు క్యాప్ 79.5. వాటా 15.7 శాతం. అంతకుముందు తరం సూపర్‌స్టార్ సిడ్నీ క్రాస్బీ 8.7 మిలియన్లు 2008-09లో మొదలైనప్పుడు క్యాప్ 56.7. వాటా 15.3 శాతం. పద్దెనిమిదేళ్లలో 8.7 కాస్తా 17 అయింది, అంటే దాదాపు రెట్టింపు. కానీ జట్టు పర్సులో ఒక సూపర్‌స్టార్ తినే వాటా ఒక్క శాతమే పెరిగింది. మరోలా చెప్పాలంటే కాప్రిజోవ్ వాటాను 2018 క్యాప్‌లో పెడితే 13 మిలియన్లు వస్తుంది. అప్పుడు ఎవరూ నోరు వెళ్లబెట్టేవాళ్లు కాదు.

మిన్నెసోటా వైపు నుంచి ఇంకో చిన్న లెక్క ఉంది. కాప్రిజోవ్ పాత క్యాప్ హిట్ 9 మిలియన్లు. పెరిగింది 8. అదే ఏడాది క్యాప్ పెరిగింది 8.5. కొత్తగా వచ్చిన చోటంతా దాదాపు ఒక్కడికే రాసిచ్చారన్నమాట. మిగతా జట్లు అదే 8.5తో ఇంకో మంచి ఆటగాణ్ని కొనుక్కుంటాయి. ఈ కాంట్రాక్టు మీద అసలు విమర్శ 136 అనే అంకె మీద కాదు, దీని మీద ఉండాలి.

క్యాప్ ఉన్న లీగ్‌లో కరువయ్యేది డబ్బు కాదు, చోటు. యజమాని ఎంత కుబేరుడైనా 96వ మిలియన్ ఖర్చు పెట్టలేడు. కాబట్టి ఒక ఆటగాడు "డబ్బుకు తగ్గవాడా" అని అడిగితే, అతను తీసుకున్న చోటులో ఇంకెవరు పట్టేవారు అన్నదే ఆ ప్రశ్నకు అర్థం.

కుర్రాళ్లు చౌక, కావాలనే

ఈ లీగ్‌లో నికరంగా లాభసాటి బేరాలు దొరికేది కుర్రాళ్ల దగ్గర. జట్లు కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో పద్దెనిమిదేళ్లకు ఎంపికైనవాడు ముందు మూడేళ్లు ఎంట్రీ లెవెల్ కాంట్రాక్టులో ఉండాలి, దానికి గరిష్ఠ పరిమితి ఉంది. 2024 డ్రాఫ్ట్‌లో మొదటివాడైన మెక్లిన్ సెలెబ్రినీ బోనస్‌లు తీసేస్తే 9,75,000 డాలర్లకు శాన్ హోసేలో ఆడుతూ మొదటి సీజన్లో 70 మ్యాచ్‌లకే 63 పాయింట్లు చేశాడు. గోల్ కొట్టినా, గోల్‌కు పాస్ ఇచ్చినా ఒక్కో పాయింట్.

ఆ తర్వాత కొన్నేళ్లు ఆటగాడికి సగం స్వేచ్ఛే. వేరే జట్టు ఆఫర్ ఇవ్వొచ్చు, కానీ సొంత జట్టు అదే మొత్తం ఇచ్చి ఆపుకోవచ్చు. ఆపుకోకపోతే పరిహారంగా డ్రాఫ్ట్ ఎంపికలు తీసుకుంటుంది. 2024 ఆగస్టులో సెయింట్ లూయిస్ బ్లూస్ ఎడ్మంటన్‌కు క్యాప్‌లో చోటు లేదని పసిగట్టి, ఒకేసారి ఇద్దరికి ఆఫర్ వేసింది: ఫిలిప్ బ్రోబెర్గ్‌కు 4.58 మిలియన్లు, డిలన్ హాలొవేకు 2.29 మిలియన్లు. ఎడ్మంటన్ ఇద్దర్నీ వదులుకుంది. ఆ సీజన్లో హాలొవే 63 పాయింట్లు చేశాడు. చోటు కరువు ఎంత ఖరీదైనదో ఎడ్మంటన్‌కు అప్పుడు తెలిసొచ్చింది.

పూర్తి స్వేచ్ఛ వచ్చేది సుమారు 27 ఏళ్లకు. కానీ ఫార్వర్డ్‌లు మహా జోరుగా ఆడేది ఇరవైల మధ్యలో. జోరు తగ్గబోయే వేళకు బజార్లో అడుగుపెడతారు, గతంలో చేసినదానికి భవిష్యత్తు జీతం రాయించుకుంటారు. జట్ల వైపు నుంచి చూస్తే ఇది పెద్దవాళ్లకు ఎక్కువ ఇవ్వడం. ఆటగాళ్ల వైపు నుంచి చూస్తే కుర్రతనంలో ఆపిన బాకీ ఇప్పుడు తీర్చడం. రెండూ నిజమే. చిక్కేమిటంటే బాకీ పడ్డ జట్టు ఒకటి, తీర్చే జట్టు ఇంకొకటి కావచ్చు.

ఒక్కో పాయింటుకు ఎంత పడింది

అభిమానులు ఎక్కువగా వేసే లెక్క ఇదే, జీతాన్ని పాయింట్లతో భాగించడం. 2022-23 తీసుకుందాం. కొలరాడో ఆటగాడు నేథన్ మెకినన్ 2016లో కుదిరిన పాత కాంట్రాక్టు కింద 6.3 మిలియన్లకు ఆడుతూ 111 పాయింట్లు చేశాడు. ఒక్కో పాయింటుకు సుమారు 57 వేల డాలర్లు. అదే సీజన్లో మెక్‌డేవిడ్ 12.5 మిలియన్లకు 153 పాయింట్లు. ఒక్కోటి 82 వేలు. ఈ లెక్కన మెకినన్ బాగా చౌక. అది నిజం కూడా, 2022లో కొలరాడో స్టాన్లీ కప్ గెలవడంలో ఆ మిగిలిన చోటుకు పెద్ద పాత్రే ఉంది.

కానీ దీన్నిబట్టి మెక్‌డేవిడ్ ఖరీదైనవాడు అనేస్తే పొరపాటు. మంచు మీద ఒకేసారి గోల్‌కీపర్ కాక ఐదుగురే ఉంటారు. ఊహకు రెండు జంటల్ని పెట్టుకుందాం. మొదటి జంట మెక్‌డేవిడ్, అతని పక్కన కనీస జీతానికి 15 పాయింట్లు చేసే మామూలు ఆటగాడు. అప్పటి కనీస జీతం 7,50,000. కలిపి 13.25 మిలియన్లు, 168 పాయింట్లు. రెండో జంటలో ఒక్కొక్కరు 6.5 మిలియన్లు తీసుకుని 65 పాయింట్లు చేసేవాళ్లు. కలిపి 13 మిలియన్లు, 130 పాయింట్లు. ఖర్చు ఇంచుమించు ఒకటే, ఫలితం ఒకటి కాదు. ఆడే చోట్లు తక్కువైనప్పుడు ఒక్కడిలోనే పోగుపడ్డ ప్రతిభకు అదనంగా ఇవ్వడం తెలివైన పనే.

దీనికి ఎదురు వాదన కూడా గట్టిదే. మెక్‌డేవిడ్ అరవై నిమిషాల్లో ఇరవై రెండు నిమిషాలో, కాస్త అటూ ఇటూనో ఆడతాడు. మిగతా సమయంలో కనీస జీతగాళ్లు గోల్స్ ఇచ్చేసుకుంటే అతని పాయింట్లు వాటిని పూడ్చడానికే సరిపోతాయి. ఎడ్మంటన్ 2024, 2025 ఫైనల్స్ రెండింట్లోనూ ఫ్లోరిడా పాంథర్స్ చేతిలో ఓడింది. వంతులవారీగా మంచు మీదకు దిగే బృందాలను వరసలంటారు, ఫ్లోరిడాకు మూడు, నాలుగు వరసల్లోనూ గోల్స్ కొట్టేవాళ్లుండేవారు.

పాయింట్ల లెక్క గోల్‌కీపర్ దగ్గర పూర్తిగా చేతులెత్తేస్తుంది. సెర్గీ బొబ్రోవ్‌స్కీకి ఫ్లోరిడా 2019లో ఏడేళ్లకు 70 మిలియన్లు ఇచ్చింది. రెండేళ్లకే 2021 ప్లేఆఫ్స్‌లో అతన్ని కూర్చోబెట్టి స్పెన్సర్ నైట్ అనే కుర్రాణ్ని ఆడించారు. లీగ్‌లో దరిద్రపు కాంట్రాక్టు ఏదంటే అప్పుడు చాలామంది దీన్నే చూపించేవారు. అదే గోల్‌కీపర్‌తో ఫ్లోరిడా వరసగా రెండు కప్పులు గెలిచింది. కాబట్టి ఒక కాంట్రాక్టు మీద తీర్పు ఏ సంవత్సరంలో అడిగారన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఆడనివాళ్లకు కట్టే జీతం

మిన్నెసోటాకు ఇదంతా కొత్త కాదు. 2012 జూలై 4న ఒకేరోజు జాక్ పరీజే, రయన్ సూటర్‌లకు చెరో 13 ఏళ్లు, చెరో 98 మిలియన్లు రాసిచ్చింది. ఇద్దరికీ అప్పుడు 27 ఏళ్లు. తొమ్మిది సీజన్లలో జట్టు గెలిచినవి రెండంటే రెండు ప్లేఆఫ్ సిరీస్‌లు. 2021లో ఇద్దర్నీ బైఅవుట్ చేసింది, అంటే మిగిలిన జీతంలో కొంత భాగం చెల్లించి వదిలించుకుంది.

మనిషి వెళ్లిపోయినా క్యాప్‌లో అతని నీడ పోదు. దాన్ని డెడ్ క్యాప్ అంటారు. ఇద్దరి పేరున 2023-24లో 14.74 మిలియన్లు పడ్డాయి, మరుసటి ఏడాదీ అంతే. 83.5లో 14.74 అంటే 17.7 శాతం. ఇంకోసారి చూడండి: కాప్రిజోవ్ రికార్డు కాంట్రాక్టు తినేది 16.3 శాతం. ఆ జట్టు అంతకంటే పెద్ద వాటాను ఆ సీజన్లో అసలు తన జెర్సీయే వేసుకోని ఇద్దరికి ఇచ్చింది. 2025-26లో ఆ భారం 1.67కి పడిపోయింది. పర్సులో ఒక్కసారిగా చోటు ఖాళీ అయిన వేసవిలోనే కాప్రిజోవ్ బేరానికి కూర్చున్నాడు. ఆ టైమింగ్ అతనికి ఎంత కలిసొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

పన్నుల గొడవలో ఎవరి మాట నిజం

డల్లాస్ స్టార్స్ ప్రాక్టీస్ చేసే రింక్ ఫ్రిస్కోలో ఉంది, తెలుగు కుటుంబాలు బోలెడున్న ఊరే. కాలిఫోర్నియా నుంచో న్యూజెర్సీ నుంచో టెక్సాస్ మారిన మన సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఈ వాదన విడమర్చి చెప్పక్కర్లేదు: టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. ఫ్లోరిడా, నెవాడా, టెన్నెసీ, వాషింగ్టన్‌లలోనూ జీతం మీద రాష్ట్రం పన్ను వేయదు. టొరంటో, మాంట్రియల్‌లలో పై శ్లాబు 53 శాతం దాటుతుంది. 2025 మార్చిలో డల్లాస్‌కు వచ్చిన మిక్కో రాంటనెన్ ఏడాదికి 12 మిలియన్లకే ఎనిమిదేళ్లు ఒప్పుకున్నాడు. పన్ను లేనిచోట తక్కువకే దొరుకుతారు, అంటే ఆ జట్లకు అసలు క్యాప్ పెద్దదన్నట్టే అనేది ఫిర్యాదు. 2020 నుంచి 2025 వరకు ఆరు కప్పుల్లో ఐదు టాంపా, వేగాస్, ఫ్లోరిడాలకే పోవడం ఈ ఫిర్యాదుకు ఊపిరి పోసింది.

కానీ ఫ్లోరిడాలో పన్ను ఎప్పుడూ లేదు. అదే ఫ్లోరిడా పాంథర్స్ 1996 తర్వాత 2022 దాకా ఒక్క ప్లేఆఫ్ సిరీస్ కూడా గెలవలేదు. పైగా ఆటగాడు ఏ రాష్ట్రంలో మ్యాచ్ ఆడితే ఆ రోజుల జీతానికి అక్కడ పన్ను కడతాడు, సగం మ్యాచ్‌లు బయటే కదా. నా ఉద్దేశంలో పన్ను తేడా నిజమే, కానీ మంచి మేనేజర్ ఉన్న జట్టుకే అది పనికొస్తుంది.

టాంపా మీద ఇంకో ఫిర్యాదు ఉండేది. 2020-21లో నికిటా కుచెరోవ్ గాయంతో రెగ్యులర్ సీజన్ మొత్తం ఆడలేదు, అతని 9.5 మిలియన్ల మేర జట్టుకు వెసులుబాటు దొరికింది. అప్పట్లో ప్లేఆఫ్స్‌లో క్యాప్ లెక్కించేవారు కాదు. మొదటి మ్యాచ్‌కే దిగి 32 పాయింట్లతో కప్పు అందించాడు, ఆపైన "క్యాప్ కంటే 18 మిలియన్లు ఎక్కువ" అని రాసున్న టీషర్టు వేసుకుని మరీ సంబరం చేసుకున్నాడు. ప్లేఆఫ్స్‌కూ క్యాప్ లెక్కించాలని లీగ్, ఆటగాళ్ల సంఘం 2025లో కుదుర్చుకున్న కొత్త ఒప్పందంలో రాసుకున్నారు.

మెక్‌డేవిడ్ వదులుకున్నది ఎవరి జేబులోకి

12.5 మిలియన్లు 2026-27 క్యాప్‌లో 12 శాతం. కాప్రిజోవ్ వాటాతో పోలిస్తే ఏడాదికి 4.5 మిలియన్లు తక్కువ. ఆ సొమ్ము యజమానికి మిగిలిందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. లీగ్ మొత్తం మీద ఆటగాళ్ల వాటా సగమని ముందే తేలిపోయింది. ఒకడు తక్కువ తీసుకుంటే మిగతా ఆటగాళ్లకే పోతుంది. ఎడ్మంటన్ వరకు చూస్తే ఆ 4.5తో రెండో వరసకు ఒక ఖాయమైన ఆటగాడు వస్తాడు.

దీన్ని మెచ్చుకోని ఏజెంట్లూ ఉంటారు. అందరికంటే గొప్పవాడే 12.5 తీసుకుంటే, రేపు 13 అడిగే ఆటగాడి ముందు మేనేజర్ ఆ కాగితం పెడతాడు. అయితే కాప్రిజోవ్ కాగితం కూడా బల్ల మీదే ఉంటుంది, ఏజెంట్ దాన్ని చూపిస్తాడు.

మెక్‌డేవిడ్ చేసింది పూర్తిగా త్యాగమూ కాదు. రెండేళ్లకే సంతకం చేయడం వల్ల ఎడ్మంటన్ మీద ఒత్తిడి అలాగే ఉంది: ఈ లోపు కప్పు గెలిచే జట్టును కట్టాలి. 2028 వేసవిలో కాంట్రాక్టు ముగిసేసరికి అతనికి 31 ఏళ్లు. 113.5 మిలియన్ల క్యాప్‌లో 20 శాతం అంటే 22.7 మిలియన్లు. ఆ కొత్త ఒప్పందం కాంట్రాక్టు గడువును ఇంకో ఏడాది తగ్గించింది, దాని ప్రకారం ఎడ్మంటన్ అప్పుడు అతనికి ఏడేళ్లకు మించి ఇవ్వలేదు, బయటి జట్టయితే ఆరేళ్లే.